కరీంనగర్‌లో యెషయా పైసలు

యెషయాకు ఒక జబ్బు ఉంది. డాక్టర్లు మందు రాసే జబ్బు కాదు. ఏ వస్తువైనా ఉన్నచోటి నుంచి కదిలిందంటే అది ఎక్కడికి పోయింది, ఎవరి చేతిలో ఉంది, ఎప్పుడు తిరిగొస్తుంది అన్నది తెలిసేదాకా ఆయనకు అన్నం సహించదు. పక్కింటికి పోయిన జల్లెడ గురించి కూడా గుమ్మంలో నిలబడి ఆరా తీస్తాడు. ఇచ్చింది నేను, అడిగితే నేను అడుగుతాను, మధ్యలో నీకెందుకని భార్య సంతోషమ్మ ముప్పై ఏళ్లుగా మొత్తుకుంటూనే ఉంది.

తప్పు ఆయనది కాదు, ఆయన చేసిన పనిది. బెల్లంపల్లి బొగ్గు బావి మీద ముప్పై నాలుగేళ్లు ల్యాంప్ రూములో పనిచేశాడు. బావిలోకి దిగే ప్రతి కార్మికుడూ తన నంబరున్న ఇత్తడి బిళ్ళను కిటికీలో ఇచ్చి, తలకు పెట్టుకునే దీపం తీసుకుపోతాడు. ఆ బిళ్ళను దీపం ఉండే మేకుకు తగిలిస్తారు. షిఫ్టు ముగించుకుని పైకి వచ్చినవాడు దీపం అప్పజెప్పి బిళ్ళ తీసుకుని ఇంటికి పోతాడు. అందరూ పోయాక కూడా మేకుకు బిళ్ళ వేలాడుతోందంటే దానికి ఒకటే అర్థం, మనిషి ఇంకా కిందనే ఉన్నాడని.

ఒకసారి అట్లాగే ఒక బిళ్ళ మిగిలింది. గంగయ్యది. మర్చిపోయి ఇంటికి పోయి ఉంటాడులే అన్నారు అందరూ. యెషయా ఒప్పుకోలేదు. దీపం రాలేదు, బిళ్ళ పోలేదు, మనిషి ఇంటికెట్లా పోతాడని కిటికీ మూయకుండా కూర్చున్నాడు. చివరికి నలుగురు తిట్టుకుంటూ దిగి వెతికితే, పాత దారిలో కాలు విరిగి పడి ఉన్నాడు గంగయ్య. ఆ రోజు నుంచి యెషయా జబ్బును ఎగతాళి చేసే హక్కు ఊళ్లో సంతోషమ్మకు ఒక్కదానికే మిగిలింది.

అట్లాంటి మనిషి రిటైరయ్యి, వచ్చిన డబ్బును బ్యాంకులో ఫిక్స్‌డ్ వేసి, రెండేళ్లు నిమ్మళంగా ఎట్లా ఉన్నాడన్నదే వింత. బ్యాంకులో వేసినవి బ్యాంకులోనే ఉంటాయి కదా అనుకున్నాడు. బీరువా ఉంది, దానికి తాళం ఉంది, బయట తుపాకీతో ఒకాయన ఉన్నాడు. ఆ నిమ్మళం కాస్తా కూతురు మహిమ అప్పు కోసం బ్యాంకుకు పోయిన రోజు పోయింది.

మహిమకు ఇరవై తొమ్మిదేళ్లు. కంటి పరీక్షల డిప్లొమా చేసి, ఐదేళ్లుగా కరీంనగర్‌లో ఒక కళ్లద్దాల దుకాణంలో పనిచేస్తోంది. కన్ను పరీక్ష చెయ్యడం, అద్దాన్ని ఫ్రేము కొలతకు కోసి బిగించడం రెండూ వచ్చు. సొంత ఊళ్లో దుకాణం పెట్టాలని ఆమె కోరిక. బెల్లంపల్లిలో అద్దాలు కావాలంటే తోపుడు బండి మీద అమ్మేవి తగిలించుకోవాలి, లేదంటే మంచిర్యాలకో కరీంనగర్‌కో పోవాలి. ఆరు లక్షలుంటే అద్దాలు కోసే మిషను, పరీక్ష చేసే కుర్చీ, సామాను వస్తాయి. ఇవతల ఆమె పనిచేసే దుకాణం యజమాని కరీంనగర్‌లోనే రెండో దుకాణం తెరుస్తున్నాడు. దాన్ని చూసుకొమ్మని, మూడేళ్లు ఉంటానని కాగితం రాసివ్వమని అడిగాడు. నెలాఖరుకల్లా ఏదో ఒకటి చెప్పాలి. ఆ సంతకం పెడితే బెల్లంపల్లి దుకాణం మాట ఇక మర్చిపోవడమే.

బ్యాంకు మేనేజరు సదానందం హుస్నాబాద్ మనిషి. కుర్చీలో ఉన్నాడు కదా అని గొంతు మార్చడు. కళ్లద్దాల ఎడమ కాడ విరిగితే తెల్లటి ప్లాస్టరు చుట్టుకుని, మాటిమాటికీ పైకి తోసుకుంటూ మహిమ కాగితాలన్నీ ఓపిగ్గా చదివాడు. చదివి పక్కన పెట్టాడు.

"ఉన్నది ఉన్నట్టు చెప్త పెద్దాయనా. పిల్ల మంచిది, పని తెలిసిన పిల్ల. ఊరే గట్టిగ లేదు. బావులు మూతవడ్డయి, సగం క్వార్టర్లు ఖాళీ. గీ ఊర్లె దుకాణం నడుస్తదని రాసి నేను పైకి పంపుతే నన్నే అడుగుతరు."

అంతటితో ఊరుకుంటే కథ ఉండేది కాదు. మాటల్లో మాటగా ఆయన ఇంకో ముక్క అన్నాడు. ఈ శాఖలో వంద రూపాయలు జమ అయితే ఈ ఊళ్లో అప్పుగా పోయేది ఇరవై రెండేనట. యెషయా కుర్చీలో ముందుకు జరిగాడు.

"మరి తక్కిన డెబ్బై ఎనిమిది ఏడున్నయి సార్?"

పెద్ద ఊళ్లకు పోతాయన్నాడు సదానందం. కరీంనగరే అనుకోండి, అక్కడ అడిగేవాళ్లు ఎక్కువ, నడిచే దుకాణాలు ఎక్కువ. అక్కడ ఎవరి దగ్గరున్నాయని యెషయా మళ్లీ అడిగాడు. సదానందం ఇరవై ఏళ్ల ఉద్యోగంలో ఈ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. అందరి పైసలు కలిసిపోతాయని, ఫలానా నోటు ఫలానావాడి దగ్గరుందని చెప్పలేమని, అయినా అడిగిన రోజు మీవి మీకు వస్తాయని వివరించాడు. కావాలంటే ఫిక్స్‌డ్ మీద రేపే అప్పు ఇస్తానని కూడా అన్నాడు.

దానికి మహిమ అడ్డంగా తలూపింది. తల్లి మోకాళ్ల ఆపరేషనుకు, ముసలితనానికి దాచుకున్నవి అవి, వాటి జోలికి పోనని ముందే చెప్పింది. దుకాణం మునిగితే తనతోనే మునగాలి. "నన్ను సూసి ఇయ్యాలె సార్, బాపును సూసి కాదు" అని కాగితాలు తీసుకుని లేచింది.

ఇంటికి వచ్చాక సంతోషమ్మ కూతురి కోసం బాధపడింది. యెషయా కూడా బాధపడ్డాడు, కానీ దాని కింద ఇంకొకటి ఆయన్ను తొలుస్తోంది. ముప్పై నాలుగేళ్ల కష్టం ఎక్కడో తిరుగుతోంది, ఎక్కడో తెలియదు. మేకు లేదు, బిళ్ళ లేదు. మూడో రోజు పొద్దున్నే తెల్ల చొక్కా వేసుకుని, సంచిలో ఒక నోటుబుక్కు పెట్టుకుని బయలుదేరాడు. ఎక్కడికని అడిగితే పైసలు చూసి వస్తానన్నాడు. జల్లెడ దాకా సరే, పైసల్ని కూడా చూసి రావాలా అని సంతోషమ్మ నెత్తి కొట్టుకుంది.

రైల్లో మంచిర్యాల, అక్కణ్నుంచి బస్సులో కరీంనగర్. టవర్ సర్కిల్ దగ్గర దిగి నిలబడగానే ఆయనకు దారి దొరికింది. ఎదురుగా పోతున్న ఆటో వెనక ఎర్ర రంగుతో రాసి ఉంది, ఫలానా బ్యాంకు ఋణ సహాయంతో అని. తన బ్యాంకు పేరే. ఇన్నేళ్లలో ఇట్లాంటి రాతలు వెయ్యి చూసి ఉంటాడు, ఒక్కటీ చదవలేదు. ఇప్పుడు చదివి, ఆటో మలుపు తిరిగేదాకా దాని వెంటే నడిచాడు. ఇది బిళ్ళ కాక మరేమిటి?

ఇక కాలు నిలవలేదు. పిండి గిర్ని మీద ఆ పేరు, ఐస్ డబ్బాల బండి మీద ఆ పేరు, రక్త పరీక్షల దుకాణంలో గుండ్రంగా తిరిగే మిషను మీద ఆ పేరు, గ్రానైటు రాయి మోసుకుపోయే లారీ తలుపు మీద ఆ పేరు. కనబడిన ప్రతిదీ నోటుబుక్కులో రాసుకున్నాడు. ఒక జ్యూస్ దుకాణం ముందు ఆగి, మిషను మీది రాత రెండుసార్లు చదివి, లోపలున్న సాగర్ అనే కుర్రవాణ్ని చాలా ఆప్యాయంగా పలకరించాడు. వ్యాపారం ఎట్లా ఉంది, మిషను మంచిగా నడుస్తోందా, ఏమైనా ఇబ్బంది ఉందా అని. తెల్ల చొక్కా, సంచి, చేతిలో నోటుబుక్కు. సాగర్ ముఖం పాలిపోయింది. పెద్ద గ్లాసు నిండా బత్తాయి రసం పోసి ముందు పెట్టి, రెండు కిస్తీలు ఆగిన మాట నిజమే, ఇంట్లో అక్క పెళ్లి జరిగింది, పదో తారీఖుకు తప్పకుండా కడతానని గడగడా చెప్పేశాడు. తాను వసూలుకు రాలేదని, తన పైసలు ఎట్లా ఉన్నాయో చూసుకోవడానికి వచ్చానని యెషయా ఎంత చెబితే కుర్రవాడు అంత భయపడ్డాడు. చివరికి యెషయా ముప్పై రూపాయలు బల్ల మీద పెట్టి, పదో తారీఖు మర్చిపోకు బిడ్డా అని బయటపడ్డాడు.

మధ్యాహ్నానికి నలభై ఒకటి లెక్క తేలాయి. పొద్దున సంతోషంగా మొదలైన మనిషి నలభై దాటేసరికి డీలా పడ్డాడు. ఎంత ఊరు, ఎన్ని దుకాణాలు, ఎంతమంది బతుకుతున్నారు. బావిలో దిగినవాళ్లు దాచుకున్న పైసలు ఇక్కడ గిర్రున తిరుగుతున్నాయి. తన కూతురికి మాత్రం లేవన్నారు. కరీంనగర్ మీద ఆయనకు కోపం రాలేదు, కుళ్లు వచ్చింది. ఆ మాట తనలో తాను ఒప్పుకున్నాడు కూడా.

సాయంత్రం మహిమ ఉండే హాస్టలుకు పోయాడు. దాన్ని నడిపే జమున మాట పెళుసుది, చెయ్యి మంచిది. మహిమ పని నుంచి వచ్చేదాకా వంటింటి పక్కన బల్ల వేసి చాయ్ ఇచ్చింది. గ్లాసు నోటి దగ్గర పెట్టుకున్న యెషయా అట్లాగే ఆగిపోయాడు. దోసెల పిండి రుబ్బే పెద్ద గ్రైండరు మీద, అరిగిపోయిన ఎర్ర అక్షరాల్లో అదే పేరు. నలభై రెండు. ఇది ఎప్పటిదని అడిగాడు. పదకొండేళ్ల కిందటిదని, దానితోనే హాస్టలు మొదలైందని చెప్పింది జమున. భర్త పోయాక వేములవాడ నుంచి ఒక ట్రంకుపెట్టెతో వచ్చిందట. పూచీ ఇచ్చే దిక్కు కూడా లేదట. మరి బ్యాంకు ఎట్లా ఇచ్చిందని యెషయా అడిగాడు. ఇది నిజంగా తెలుసుకోవాలని అడిగిన ప్రశ్న.

"గప్పటి మేనేజరు సారు నా కాయిదాలు జర పక్కకు వెట్టిండన్నా. పొద్దుగాల బస్టాండుల నిలవడి, పెట్టెలు వట్టుకొని దిగే ఆడివిల్లల లెక్కవెట్టిండు. మూడు దినాలు. నాలుగోనాడు వచ్చి సంతకం పెట్టుమన్నడు. నన్ను నమ్మలే. గా పిల్లలను నమ్మిండు."

మహిమను పలకరించి ఎక్కిన తిరుగు బస్సులో యెషయా కిటికీ పక్కన కూర్చుని ఆ మాటనే తిప్పి తిప్పి చూసుకున్నాడు. బావిలో మనుషులున్నారని పైవాళ్లకు తెలిసేది మేకుకు వేలాడే బిళ్ళ వల్లనే. బెల్లంపల్లిలో ఇంకా మనుషులున్నారని బ్యాంకుకు చెప్పే బిళ్ళ ఏదీ లేదు. సదానందం ఖాళీ క్వార్టర్లను లెక్కపెట్టాడు, అందులో తప్పు లేదు, ఆయనకు కనబడేవి అవే. ఉన్నవాళ్ల లెక్క ఎవరూ ఆయన ముందు పెట్టలేదు.

మర్నాడు ఇంట్లో పాత మంచం చెక్కలు బయటికి వచ్చాయి. యెషయా వాటిని కలిపి పలక చేసి, బెత్తెడుకొకటి చొప్పున మేకులు కొట్టాడు. మిఠాయి డబ్బాల అట్టలు గుండ్రంగా కత్తిరించి బెజ్జాలు పెట్టాడు. అద్దాలు అవసరమైనవాళ్లు తమ పేరు, పోయినసారి అద్దాల కోసం ఎక్కడికి పోయిందీ, రానూపోనూ ఎంత ఖర్చయిందీ రాసి మేకుకు తగిలించాలి. రాయలేనివాళ్లకు తాను రాసిపెడతాడు. పలక రోజూ వరండాలో, వారానికోసారి వచ్చే అంగడి రోజు అంగట్లో, ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో.

మొదటి బిళ్ళ గంగయ్యది. కర్ర పొడుచుకుంటూ వచ్చి, నా బిళ్ళ నీ మేకుకు కొత్త కాదు కదా అని నవ్వాడు. పోతూ పోతూ కోడలి పేరున, తమ్ముడి పేరున ఇంకో రెండు తగిలించబోతే యెషయా చెయ్యి పట్టుకున్నాడు. ల్యాంప్ రూములో ఒకడి బిళ్ళ ఇంకొకడు ఇస్తే తీసుకునేవాడా?

"మనిషి వస్తెనే బిళ్ళ, గంగయ్యా. మనిషి రానిది లెక్కల రాదు."

మనుషులు రావడం మొదలుపెట్టాక ఆయనకు తెలియని సంగతులు తెలిశాయి. ముప్పై నాలుగేళ్లు కిటికీలోంచి చూసిన ముఖాలే, ఆ కళ్ల సంగతి ఏనాడూ అడగలేదు. యాదవ్వ, ఆమె భర్త ఇద్దరిదీ ఒకే జత, రేషను దుకాణానికి పోయినవాళ్లు పెట్టుకుపోతారు, ఇంట్లో ఉన్నవాళ్లు తడుముకుంటారు. చర్చిలో రెండో వరుస ప్రేమ్‌చంద్ ఆరేళ్లుగా పాటల పుస్తకం తెరిచి పట్టుకుంటున్నాడు గానీ పాడేదంతా కంఠస్థమే. మంచిర్యాల పోవడానికి ఒక రోజు కూలి పోతుందని అసలు పోనివాళ్లే ఎక్కువ. ఇది చూసి సంతోషమ్మ సణుగుడు మానేసి అట్టలు కత్తిరించడానికి కూర్చుంది.

నెలాఖరు రోజుకు నూట తొంభై బిళ్ళలయ్యాయి. బ్యాంకుకు ఇంకా పోలేదు. ఆ రోజు మహిమ సెలవు పెట్టి వచ్చింది. కరీంనగర్ యజమాని మూడుసార్లు ఫోన్ చేశాడు. నాలుగోసారి మోగినప్పుడు ఆమె వరండాలో పలక ముందు నిలబడి ఉంది. తీసి, కాగితం రాయలేనని, కొత్త దుకాణానికి ఇంకెవరినైనా చూసుకొమ్మని మర్యాదగా చెప్పింది. బ్యాంకు మళ్లీ లేదంటే ఎట్లా అని సంతోషమ్మ భయపడింది. యెషయాకూ భయం వేసింది. ఈ పలక కొట్టింది తాను, అది చూసి బిడ్డ చేతిలోని పని వదులుకుంది. ఆ రాత్రి ఆయన సరిగ్గా తినలేదు.

సోమవారం గంగయ్య కొడుకు ఆటోలో పలకను పడుకోబెట్టి బ్యాంకుకు తీసుకుపోయారు. మొత్తం రెండు వందల పద్నాలుగు. తుపాకీ ఆయన అడ్డం వచ్చి, ఒక బిళ్ళ మీద తన వదిన పేరు చూసి పక్కకు జరిగాడు. సదానందం గది గోడకు పలక ఆనించి, ల్యాంప్ రూము పద్ధతి ఏమిటో, బిళ్ళ మిగిలితే అర్థమేమిటో, కరీంనగర్‌లో హాస్టలు నడిపే జమునకు అప్పు ఎట్లా దొరికిందో యెషయా చెప్పాడు.

"వీళ్లంత ఇంకా కిందనే ఉన్నరు సార్. మీరు ఊరు ఖాళీ అన్నరు."

సదానందం లేచి వచ్చాడు. ఒక్కొక్క బిళ్ళా తిప్పి చదివాడు. కిందివరుసకు వంగినప్పుడు ప్లాస్టరు చుట్టిన కాడ జారి కళ్లద్దాలు కింద పడ్డాయి. మహిమ తీసి, అలవాటు కొద్దీ కాడను వేలితో కదిపి చూసి, ఇది అయిదు నిమిషాల పని సార్ అంది. ఆదివారం కరీంనగర్ పోయి చేయించుకుందామని నెల నుంచి అనుకుంటున్నానని సదానందం చెప్పాడు. చెప్పి, తన మాట తనకే వినబడినట్టు ఆగిపోయాడు.

యెషయా జేబులోంచి ఖాళీ అట్టబిళ్ళ ఒకటి తీశాడు.

"ఒక మేకు ఖాళీ ఉన్నది సార్. మనిషి వచ్చిండు కదా."

సదానందం ఆ బిళ్ళ మీద తన పేరు రాశాడు. ఎక్కడికి పోయేది అన్నచోట కరీంనగర్ అని రాశాడు, ఖర్చు కూడా రాశాడు. తగిలించాడు. అప్పు ఇస్తానని మాత్రం అనలేదు. తర్వాత మూడు పొద్దులు రైల్వే స్టేషన్‌లో, ఒక అంగడి రోజు అంగట్లో ఆయన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉండడం జనం చూశారు. అయిదు వారాలకు కాగితం వచ్చింది. ఆరు లక్షలు కాదు, నాలుగున్నర. ఫ్రేములు పెట్టే అరలకు డబ్బు చాలలేదు. మంచం చెక్కల పలకనే గోడకు బిగించి, ఆ మేకులకే ఫ్రేములు వేలాడదీశారు. ఎవరి అద్దాలు తయారైతే వాళ్లకు ఇచ్చి, వాళ్ల అట్టబిళ్ళ తీసి డబ్బాలో వేసేది సంతోషమ్మ.

అద్దాలు కోసే మిషను మీద ఎర్ర రంగుతో బ్యాంకు పేరు రాయించారు. యెషయా దాన్ని రోజూ గుడ్డతో తుడుస్తాడు. నలభై మూడని నోటుబుక్కులో రాసుకున్నాడు. కాడ మార్పించుకోవడానికి వచ్చిన సదానందాన్ని ఆయన ఆ అక్షరాలు చూపించి, మొత్తానికి నా పైసలు ఇల్లు చేరాయి సార్ అన్నాడు.

సదానందం కొత్త కాడను చెవి మీద సర్దుకున్నాడు.

"నీయే అని ఎట్ల చెప్త పెద్దాయనా? కరీంనగర్‌ల ఎవరన్న దాసుకున్నయి కావచ్చు. ఎవరికెరుక, ఏ హాస్టలు నడిపే ఆడామెయో."

ఆయన పోయాక యెషయా మిషను మీది ఎర్ర అక్షరాలను ఇంకోసారి తుడిచాడు. మర్నాడు ఇంట్లోంచి ఒక కుర్చీ తెచ్చి దుకాణం గుమ్మం పక్కన నీడలో వేశాడు. కళ్ల పరీక్షకు వచ్చినవాళ్లను అందులో కూర్చోనివ్వడం లేదు, వాళ్లకు లోపల బల్ల ఉంది. ఖాళీ కుర్చీ ఎవరికోసమని సంతోషమ్మ అడిగింది.

"తమ పైసలు ఏడున్నయో సూసుకుందామని కరీంనగర్ కెల్లి ఎవరన్న వస్తే, నిలవెట్టి మాట్లాడుతమా?"

సంతోషమ్మ లోపలికి పోయి ఒక చెంబుతో మంచినీళ్లు తెచ్చి, మూత పెట్టి, కుర్చీ పక్కన ఉంచింది.